జక్కమ్మాళ్ నీళ్ళు పోసిన పొదలు

జక్కమ్మాళ్ ముప్పై ఏళ్ళపాటు పొదలకు నీళ్ళు పోసింది. అలిసిపోయానని ఒక్కనాడూ అనలేదు. అనాలంటే వినేవాళ్ళు ఉండాలి కదా. ఇంట్లో ఉండేది చెల్లెలి కూతురు పొన్ను ఒక్కతే. ఆ పిల్లకు కష్టం చెప్పుకుంటే తన కష్టం రెండింతలు అవుతుందే తప్ప సగం కాదని జక్కమ్మాళ్ లెక్క.

వాళ్ళ ఊరు ఎర్రగుండ్లపట్టి. కంబం లోయలో కొండల అడుగున నలభై గడపల పల్లె. మదురను తెలుగు నాయకులు ఏలిన రోజుల్లో పశువుల్ని తోలుకుంటూ దక్షిణానికి దిగివచ్చిన కంబళత్తార్ల సంతతి వాళ్ళు. నాయకుల పాలన పోయింది, నవాబుల హడావుడి పోయింది, కుంఫిణీ కూడా పోయి రాణిగారి దొరతనం వచ్చింది. ఎర్రగుండ్లపట్టిలో మాత్రం పెళ్ళి పద్ధతి మారలేదు. ఎవరు మార్చమన్నా మార్చేవాళ్ళు కారు. అరవం నోట్లోకి వచ్చినా ఆచారం చేతిలోంచి జారకూడదని వాళ్ళ పట్టుదల.

ఆ ఊళ్ళో పెళ్ళి ఇంట్లో జరగదు. ఊరి పొలిమేర బయట పచ్చి ఆకుతో రెండు గుడిసెలు వేస్తారు. ఒకటి పిల్లకు, ఒకటి పిల్లవాడికి. మూడు రోజులు అందులోనే ఉండాలి. మూడో రోజు తెల్లవారగానే ఊరి పెద్ద వచ్చి గోడ నుంచి ఒక ఆకు తుంచి మడిచి చూస్తాడు. మెత్తగా మడతపడితే పెళ్ళి అయినట్టు. చిటుక్కుమని విరిగితే సగం పెళ్ళే అయినట్టు. మళ్ళీ ముహూర్తం, మళ్ళీ గుడిసెలు. ఆ ఆకు కూడా ఏదో ఒక ఆకు కాదు. తుంచితే పాలు కారే నందివర్ధనం ఆకు కావాలి. పెళ్ళిళ్ళేమో ఎండలు మండే వైకాసి నెలలో. ఎండలో పెరిగిన పొద ఆ నెలకు మాడి ఉంటుంది. అందుకే పెద్దలు ఎప్పుడో ఇప్ప, నేరేడు, మామిడి చెట్ల కింద, చిక్కటి నీడలో, ఈ పొదల కోసం ఒక తోట పెట్టారు. ఏడాది పొడుగునా ఆకు రాలకుండా ఉండే పొదలు కాబట్టి దానికి పచ్చతోట అని పేరు.

మూడో రోజు పెళ్ళికూతురు తన గుడిసె గోడ నుంచి ఒక కొమ్మ తీసి పచ్చతోటలో నాటుతుంది. అది బతికితే ఆమె పేరే దానికి పేరు. అది నాగమ్మ పొద, ఇది చెన్నమ్మ పొద అని. మొగుడు పోతే ఆ పొద మొదట్లో ఒక నల్లరాయి పెడతారు. ఆ రాయి పడ్డాక దాని ఆకు పెళ్ళికి పనికిరాదు. తోటకు నీళ్ళు పోసే పని మాత్రం విధవరాలిదే. నీళ్ళు పోసే చెయ్యి పనికొస్తుంది, ఆకు కోసే చెయ్యి పనికిరాదు. కోత రోజు ఐదుగురు ముత్తైదువలు కొడవళ్ళు పట్టుకుని వస్తారు. విధవరాలు పక్కన నిలబడి ఏ పొద కొయ్యవచ్చో వేలు చూపిస్తుంది. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడు ఎవరో గానీ, వాడెప్పుడూ కడవ మోసి ఉండడు.

జక్కమ్మాళ్‌కు పద్నాలుగో ఏట పెళ్ళయింది, ఇరవయ్యో ఏట రాయి పడింది. మర్నాటి నుంచే కడవ చేతికొచ్చింది. మొదట్లో ఏడుస్తూ పోసింది. తర్వాత ఏడవడం మానేసి పని నేర్చుకుంది. నీడలో పెరిగే పొదకు ఎండలో పెరిగేదానికి పోసినట్టు పోస్తే వేరు కుళ్ళిపోతుంది. వేలు మట్టిలో రెండు కణుపుల దాకా దింపి, పొడిగా తగిలితేనే పొయ్యాలి. నీడలో పొద వెలుతురు వెతుక్కుంటూ సన్నగా పైకి సాగుతుంది, కాబట్టి నెలకోసారి కొనలు గిల్లాలి. పైచెట్ల అడుగు కొమ్మలు తగ్గిస్తే పొద్దుటి వెలుతురు అందుతుంది, ఎక్కువ తగ్గిస్తే మధ్యాహ్నపు ఎండ తినేస్తుంది. ఇప్పాకు పొద మీద పడితే దులపాలి, మొదట్లో పడితే ఉంచాలి. తేమకు పిండినల్లి పడితే బూడిద నీళ్ళతో ఆకు ఆకూ తుడవాలి. ఇవన్నీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. చచ్చిన పొదలే చెప్పాయి.

ఆమె పేరు చెబితే ఊళ్ళో గౌరవం ఉండేది, కొంచెం భయమూ ఉండేది. నియమం దగ్గర ఆమె రాయికన్నా గట్టి. ఆ గట్టితనం ఎంతదో రాజమ్మాళ్‌కు తెలుసు.

రాజమ్మాళ్‌కూ ఆమెకూ ఒకే ఏడు పెళ్ళయింది. ఇద్దరి కొమ్మలూ తోటలో పక్కపక్కనే నాటుకున్నాయి. నాలుగేళ్ళ కిందట రాజమ్మాళ్ కూతురు వేంకటలక్ష్మికి మేలూరు వైపు సంబంధం కుదిరింది. ఆ ఏడు అప్పటికే రెండు పెళ్ళిళ్ళు అయిపోయి, కొయ్యదగిన పొదలన్నీ గొరిగినట్టు ఉన్నాయి. ఆకు దండిగా ఉన్నది రాయి పడ్డ పొదల మీదే. అందులోనూ జక్కమ్మాళ్ పొద మరీను. పాతికేళ్ళకు పైగా కొడవలి తగలక ఏపుగా, నల్లటి పచ్చగా, మనిషెత్తు దాటి ఉంది. రాజమ్మాళ్ ఒంటరిగా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆ రాయి కొంజం ఇవతలికి జరిపితే ఎవురికి తెలిసేది?"

"నాకు తెలుస్తాది," అంది జక్కమ్మాళ్.

అంతే. ఆ మాట ఊరంతా పాకింది. లేత ఆకుతో గుడిసెలు వేశారు. రెండో రోజు సాయంత్రానికే గోడలు ముడుచుకున్నాయి. మూడో రోజు ఊరి పెద్ద మడిచిన ఆకు చిటుక్కుమంది. పెళ్ళివారు మళ్ళీ ముహూర్తానికి వస్తామని మేలూరు పోయారు. ఆ ముహూర్తం లోపలే ఆ పిల్లవాడు వాంతిబేదితో పోయాడు. వేంకటలక్ష్మి పెళ్ళయిన పిల్లా కాకుండా, కాని పిల్లా కాకుండా ఇంట్లో ఉండిపోయింది. ఆమెను అడగడానికి ఇంకెవరూ రాలేదు. రాజమ్మాళ్ ఆ తర్వాత జక్కమ్మాళ్‌తో పోట్లాడలేదు, మాటలు మానలేదు. ఎదురుపడితే పలకరించేది. ఆ పలకరింపే జక్కమ్మాళ్‌కు ముల్లులా ఉండేది.

ధాత సంవత్సరంలో వానలు ముఖం చాటేశాయి. ఈశ్వర వచ్చినా మేఘం జాడ లేదు. తోట బావి అడుగంటింది. ఏట్లో ఇసుక తవ్వితే చెలమలో బొటాబొటిగా నీళ్ళు ఊరేవి. అది ఊరికి మైలు దూరం. గంట కూర్చుంటే ఒక కడవ నిండేది. పశువులు పోయాయి. జనం సర్కారు గంజితొట్టి దగ్గర బారులు తీరారు. ఇంత జరుగుతుంటే పొదలేమిటి, పెళ్ళేమిటి అని మనం అంటాం. ఊరి పెద్ద తిరుమలసామి నాయకర్ అలా అనలేదు. ఎనభై ఏళ్ళ మనిషి, చూపు సగం పోయింది. పశువులు పోయాక ఆయన దగ్గర మిగిలింది ఆచారమొక్కటే. దాన్ని వదిలితే ఇంక పెద్దరికం ఎందులో చూపించాలి?

జక్కమ్మాళ్ రోజూ కడవ మోసింది. మొదట అరవై పొదలకు చెంబు చెంబు పోసింది. తర్వాత ముప్పైకి. తర్వాత పన్నెండుకి. ఏ పొదకు నీళ్ళు ఆపాలో పొద్దున్నే నిర్ణయించుకునేది. నాగమ్మ పొదకు ఆపిన రోజున దాని పక్కనుంచి తల తిప్పుకుని నడిచింది. నాగమ్మ అప్పటికే గంజితొట్టి దగ్గర కూలిపోయి చచ్చిపోయింది, అయినా ఆమె మొహం చూసినట్టే అనిపించింది. పైచెట్లు కూడా ఆకు రాల్చాయి. నీడ పలచబడింది. ఎండ ఎన్నడూ పడని చోట పడింది. వైకాసి వచ్చేసరికి మోళ్ళు తప్ప ఆకున్న పొద ఒక్కటే మిగిలింది, ఆమెది. దానికి ఆమె నీళ్ళు పోసి ఎరగదు. వేరు ఎక్కడికి దిగిందో, ఏ రాతి కింద తడి తాగుతుందో, వాడలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా అప్పుడే కంగాణి వచ్చాడు. సముద్రం అవతల కండిసీమ కాఫీ తోటలకు మనుషుల్ని పట్టుకుపోయేవాడు. పున్నమి దాటిన శుక్రవారం బయలుదేరతామన్నాడు. పొన్నుకు అనుకున్న పిల్లవాడు దొరసామి. తల్లీ తండ్రీ అన్నా అందరితో కలిసి పోతున్నాడు. పొన్నును తీసుకుపోతానన్నాడు. పెళ్ళి కాని పిల్లను పొలిమేర దాటించేది లేదని నాయకర్ కర్ర నేలకు తాటించాడు.

జక్కమ్మాళ్ ఆయన దగ్గరకు పోయింది.

"సామీ, ఈ తూరి ఆకు లేకుండానే తాళి కట్టించండి. తోట చచ్చిపోయుండాది."

"తోట చచ్చిందని ఆచారం చస్తాదా? నువ్వే గదమ్మా రాజమ్మాళ్ కూతురి పెళ్ళికి అట్ల నిలబడితివి. ఊరంతా నిన్ను మెచ్చిరి." ఆయన వెక్కిరించలేదు, నిజంగానే అన్నాడు. "వాన పడతాది. ఆకు వస్తాది. అప్పురం చేస్తాము."

ఇంటికి వచ్చేసరికి పొన్ను గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. మోచేతులు కర్రపుల్లల్లా ఉన్నాయి. కాళ్ళకు వాపు మొదలైంది. ఆ వాపు ఎటు పోతుందో ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాగమ్మకూ అక్కడే మొదలైంది.

"ఏమనిరి పెద్దమ్మా?"

"శరి అనిరి," అంది జక్కమ్మాళ్. ఎందుకు అలా అన్నదో ఆమెకే తెలియదు. అన్నాక వెనక్కి తీసుకునే ఓపిక లేదు.

ఆ మధ్యాహ్నం ఊరంతా గంజితొట్టికి పోయి ఉండగా ఆమె తోటకు పోయింది. తన పొద మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుంది. నల్లరాయి సగం మట్టిలో దిగిపోయి ఉంది. గోళ్ళతో చుట్టూ తవ్వి, పెకలించి, పొట్టకు అదుముకుని మోసుకుపోయి, ఎండిపోయిన చెన్నమ్మ పొద మొదట్లో పెట్టింది. చెన్నమ్మ మొగుడితో కిందటి ఏడే కోయంబత్తూరు పోయింది, పుణ్యస్త్రీ. బతికున్న మొగుణ్ణి చంపినట్టే కదా అని జక్కమ్మాళ్‌కు అనిపించింది. చెన్నమ్మకు మనసులోనే దణ్ణం పెట్టుకుంది. రాయి తీసిన గుంట పూడ్చి ఎండుటాకులు కప్పింది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఆ మాట ఆమెకే తోచింది. నవ్వు రాలేదు.

ఒక పొద మీద ఆకు మిగిలి ఉందని నాయకర్‌కు కబురంపాక, కోతకు ఐదుగురు ముత్తైదువలు వచ్చారు. నలుగురు పడుచువాళ్ళు, ఈ మధ్య కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. తోటలో పొదల పేర్లు వాళ్ళకు తెలియవు. ఐదో మనిషి రాజమ్మాళ్. ఆమె రాకపోతే బాగుండునని జక్కమ్మాళ్ ఎంత కోరుకుందో! కానీ ఊళ్ళో ముత్తైదువలు ఐదుగురే మిగిలారు.

"ఏది కొయ్యమంటావు అక్కా?"

జక్కమ్మాళ్ వేలు చూపించింది. "ఇది చెన్నమ్మ పొద."

రాజమ్మాళ్ ఆ పొదను చూసింది. పక్కనే ఎండి నిలబడ్డ తన పొదను చూసింది. ఆ రెండూ ఒకే రోజు నాటిన కొమ్మలు. అవతల చెన్నమ్మ పొద మోడు కింద కొత్తగా మట్టి అంటిన నల్లరాయినీ చూసింది. పడుచువాళ్ళు కొడవళ్ళు పట్టుకుని ఆమె మొదలుపెట్టాలని ఎదురుచూస్తున్నారు. రాజమ్మాళ్ ఒక్క మాట అంటే పొన్ను ఈ మట్టిలోనే పోతుంది.

రాజమ్మాళ్ వంగి మొదటి కొమ్మ కోసింది. పాలు ఆమె చేతి మీద కారాయి. చీర చెంగుతో తుడుచుకుని రెండో కొమ్మ పట్టుకుంది. చివరికి మోకాలెత్తు మోడు మిగిలింది.

గుడిసెలు వేశారు. డప్పు లేదు, పిండివంట లేదు, గంజే పెళ్ళిభోజనం. మూడు రోజులు నిప్పులు కురిసే ఎండ. జక్కమ్మాళ్ నిద్ర పోలేదు. పూట పూటకూ పోయి గోడలు తడిమి చూసింది. ముప్పై ఏళ్ళు కొయ్యని పొద ముదురు ఆకు, దళసరిది. వడలింది కానీ విరగలేదు. మూడో రోజు తెల్లవారి తిరుమలసామి నాయకర్ కర్ర పట్టుకుని వచ్చాడు. తడుముతూ ఒక ఆకు తుంచి మడిచాడు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాడు.

"పచ్చగానే ఉండాది. ఎవురి పొద?"

"చెన్నమ్మది సామీ," అంది జక్కమ్మాళ్.

"మంచి చెయ్యమ్మా నీది," అన్నాడాయన.

పొన్ను తన కొమ్మను పచ్చతోటలో నాటింది. చుట్టూ మోళ్ళే ఉన్నా ఆచారం ఆచారమే. శుక్రవారం పొద్దున దొరసామి వెనక నడుస్తూ పొలిమేర దగ్గర ఆగింది.

"నా కొమ్మకు నీళ్ళు పోస్తావు గదా పెద్దమ్మా?"

"పోస్తా. నువ్వు తిరిగి చూడకుండా పో."

పిల్ల చూడకుండానే పోయింది. చూసి ఉంటే బాగుండునని జక్కమ్మాళ్‌కు తర్వాత అనిపించింది. పెంచిన మనసు కదా, దానికి నియమాలు ఉండవు.

ఆ సాయంత్రమే ఆమె రాజమ్మాళ్ ఇంటికి పోయింది. కాళ్ళు ఈడ్చుకుంటూ పోయి, పిలవకుండానే అరుగు మీద కూర్చుంది. లోపల వేంకటలక్ష్మి చేటలో ఏదో చెరుగుతోంది. గింజల కన్నా రాళ్ళే ఎక్కువ ఉన్నట్టు చప్పుడు. రాజమ్మాళ్ వచ్చి గుంజకు ఆనుకుని నిలబడింది.

"నీకు తెలిసింది గదా," అంది జక్కమ్మాళ్.

"చూడంగానే తెలిసె."

"అయితే ఏల కోస్తివి?"

"నువ్వు చేసిన పనే నేనూ చేస్తే, ఇంక ఊళ్ళో ఒక్క పిల్లా మిగలదు అక్కా. పావం, పొన్ను నాకేం చేసె?"

జక్కమ్మాళ్ తల వంచుకుంది. తిట్టి ఉంటే సుఖంగా ఉండేది. చెరుగుతున్న చప్పుడు ఆగింది. వేంకటలక్ష్మి చేట పక్కన పెట్టి గడప దగ్గరికి వచ్చింది. నాలుగేళ్ళలో ఆ పిల్ల పెద్దమ్మా అని పిలిచింది లేదు. ఇప్పుడు పిలిచింది.

"పెద్దమ్మా, ఆ రాయి నాకేల జరపలేదు?"

చెప్పడానికి చాలా మాటలు ఉన్నాయి. ఆచారం అనవచ్చు, దేవుడు అనవచ్చు, అప్పుడు కరువు లేదు అనవచ్చు. దారి పొడుగునా జక్కమ్మాళ్ అవన్నీ వరస పెట్టుకుంటూనే వచ్చింది. ఆ పిల్ల మొహం చూశాక అబద్ధం చెప్పే ఓపిక కూడా అయిపోయింది.

"నువ్వు నా పిల్లవి గావు. దానికే."

"శరి," అని వేంకటలక్ష్మి లోపలికి పోయి మళ్ళీ చేట పట్టుకుంది.

జక్కమ్మాళ్ కళ్ళు తుడుచుకుంది. "నన్ను మన్నించు అని అడిగే మొహం లేదు రాజీ."

"అడగొద్దు," అంది రాజమ్మాళ్. "ఆ మోడు చచ్చిందా, బతికుండాదా?"

"మొదట్లో పచ్చి ఉండాది. నీళ్ళు పోస్తే చిగురేస్తాది."

"పొన్ను కొమ్మ?"

"దానికీ రోజూ పొయ్యాల. లేకుంటే బతకదు."

"నువ్వు తెచ్చేది ఒక్క కడవ." రాజమ్మాళ్ గొంతు హెచ్చలేదు. "ఊళ్ళో పెళ్ళీడు పిల్లలు ఇంకా ఏడుగురుండారు, మా లక్ష్మితో సేర్చి. రేపు ఎవురైనా వచ్చి అడిగిన దినం ఆకు లేదని చెప్పకూడదు. ఆ ఏడుగురిలో ఒక్కటీ నీ పిల్ల కాదు. ఏ దానికి పోస్తావో నువ్వే చూసుకో."

మర్నాడు తెల్లవారుజామునే జక్కమ్మాళ్ ఏటికి పోయింది. చెలమ దగ్గర గంటన్నర కూర్చుంది. మోకాళ్ళు పట్టేసి లేవడం కష్టమైంది. కడవ చంకనెత్తుకుని తోటకు వచ్చి, రెండు చెంబులు పొన్ను కొమ్మకు పోద్దామా అని ఒక్క క్షణం ఆగింది. పంచిపోస్తే రెండూ దక్కవని ముప్పై ఏళ్ళు పోసిన చేతికి తెలుసు. కడవ మొత్తం మోడు మొదట్లో వంచింది. మట్టి ఆ నీళ్ళను పీల్చేసేదాకా చూసి ఖాళీ కడవ ఎత్తుకుంది.

అయిదో రోజుకు పొన్ను కొమ్మ తల వాల్చింది. జక్కమ్మాళ్ కూర్చుని ఆకు మడిచి చూసింది, అది చిటుక్కుమంది. ఆమె బిగ్గరగానే ఏడ్చింది. ఆ ఏడుపు అయ్యాక లేచి, ఆ రోజు కడవను కూడా మోడు దగ్గరికే తీసుకుపోయింది.